పెంపుడు జంతువుల ఆహార శాస్త్రం: ఏ చదువు, ఏ కొలువు?

కుక్కలకు, పిల్లులకు ఆహారం తయారుచేసే రంగంలో ఉద్యోగాలను గురించి, వాటికి దారితీసే చదువులను గురించి కొంతకాలంగా వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే విషయానికి సంబంధించినవి కనుక వాటన్నింటికీ ఈ సంచికలో ఒకేచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను రసాయన శాస్త్రం, జంతు శాస్త్రం ప్రధాన విషయాలుగా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ కుక్కలంటే నాకు ప్రాణం. పెంపుడు జంతువుల ఆహార శాస్త్రం అనే చదువు నిజంగా ఉందా? ఉంటే ఆ డిగ్రీ పేరేమిటి, చదివాక చేయవలసిన పని ఎలా ఉంటుంది? దయచేసి వివరంగా తెలియజేయగలరు. (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ఉన్నది. అయితే ఆ పేరుతోనే చదువు చెప్పే విశ్వవిద్యాలయాలు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తన ధాన్య శాస్త్ర విభాగంలో దీనికి ప్రత్యేకమైన బోధన, పరిశోధన నడుపుతున్నది. తక్కిన చోట్ల ఈ రంగంలోకి వచ్చేవారు జంతు పోషణ శాస్త్రం, ఆహార సాంకేతిక శాస్త్రం, పశువైద్యం, రసాయన ఇంజనీరింగ్, సూక్ష్మజీవ శాస్త్రం వంటి వేరువేరు పట్టాలతోనే వస్తారు. కాబట్టి పట్టా పేరు కోసం వెతకడం కన్నా, ఈ పరిశ్రమలో ఏ పని చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, ఆ పనికి కావలసిన చదువును వెనక్కి లెక్కవేసుకోవడం మేలు.

కుక్కలకు, పిల్లులకు పెట్టే పొడి ఆహారపు గుళిక ఒకటి తయారయ్యే క్రమాన్ని చూస్తే ఆ పనులు ఏమిటో అర్థమవుతాయి. మొదటిది ఫార్ములా రాయడం. ఒక ఎదిగిన కుక్కకో, ఎదుగుతున్న పిల్లికూనకో రోజూ అదొక్కటే తిన్నా ఏ లోటూ రాని ఆహారాన్ని కాగితం మీద రూపొందించే పని ఇది. మనిషి ఆహారంలో ఒక పూట తగ్గింది మరో పూట పూరించుకోవచ్చు. పెంపుడు జంతువు మాత్రం నెలల తరబడి ఒకే సంచిలోది తింటుంది కనుక ఆ సంచిలో ఏది లోపించినా, ఏది మితిమీరినా దాని ప్రభావం ఒంట్లో పేరుకుంటూ పోతుంది. ఈ పనికి ఆధారం అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో ప్రచురించిన కుక్కల, పిల్లుల పోషకావసరాల గ్రంథం. దాని మీద ఆధారపడుతూ అమెరికాలో ఆఫ్‌కో, ఐరోపాలో ఫెడియాఫ్ అనే సంఘాలు పోషకాల పట్టికలను ప్రకటిస్తాయి. ఉదాహరణకు ఆఫ్‌కో పట్టిక ప్రకారం తేమ తీసివేసి లెక్కించినప్పుడు ఎదిగిన కుక్క ఆహారంలో ప్రోటీన్ 18 శాతానికి, పిల్లి ఆహారంలో 26 శాతానికి తగ్గకూడదు. కుక్కపిల్లలకు అది 22.5, పిల్లికూనలకు 30 శాతం. ఇలాంటి పరిమితులు అమైనో ఆమ్లాలకు, కొవ్వు ఆమ్లాలకు, ఖనిజాలకు, విటమిన్లకు విడివిడిగా ఉంటాయి. వాటన్నింటినీ ఒకేసారి నెరవేరుస్తూ, దొరికే ముడిసరుకుతో, ఖర్చు అదుపు తప్పకుండా ఫార్ములా కుదర్చాలి. లెక్కను సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ లెక్కకు ఏ అంకెలు ఇవ్వాలో, వచ్చిన జవాబును ఎక్కడ అనుమానించాలో మాత్రం చదువుకున్న మనిషే నిర్ణయించాలి.

రెండోది తయారీ విభాగం, మూడోది నాణ్యతా పరీక్షల ప్రయోగశాల, నాలుగోది జంతువు ఇష్టంగా తింటున్నదా లేదా అని చూసే రుచి విభాగం, ఐదోది లేబుల్ మీద రాసే ప్రతి మాటకూ చట్టం ఒప్పుకుంటుందో లేదో చూసే నిబంధనల విభాగం. వీటిలో కొన్నింటి గురించి కింది ఉత్తరాలకు ఇచ్చిన జవాబులలో వివరించాము.

మీకు కుక్కలంటే ప్రాణమని రాశారు. ఆ ఇష్టం మంచిదే కానీ ఈ రంగానికి అది అర్హత కాదు. ఫార్ములా రాసేవారి రోజులో ఎక్కువ భాగం కంప్యూటరు తెర మీది పట్టికల ముందు, సరఫరాదారులు పంపిన పరీక్షా పత్రాల ముందు గడుస్తుంది. తయారీ విభాగంలో ఉన్నవారు ఆవిరి, పిండి, యంత్రాల చప్పుడు మధ్య పనిచేస్తారు. కుక్కలను రోజూ చూడగలిగే ఉద్యోగాలు ఈ పరిశ్రమలో తక్కువే. జంతువుల దగ్గర ఉండడమే మీ కోరిక అయితే పశువైద్యమో, జంతువుల శిక్షణో మీకు ఎక్కువ తృప్తినిస్తుంది.

ఈ పని మీ మనస్తత్వానికి సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాము. ఒక డబ్బా ఆహారం లేబుల్ మీద ప్రోటీన్ 10 శాతం, తేమ 78 శాతం అని ఉందనుకోండి. ఒక గుళికల సంచి మీద ప్రోటీన్ 28 శాతం, తేమ 9 శాతం అని ఉంది. చూడగానే సంచిలోదే బలమైన ఆహారమనిపిస్తుంది. తేమ తీసివేసి చూడండి: డబ్బాలో మిగిలిన 22 పాళ్ళలో 10 పాళ్ళు ప్రోటీన్, అంటే 45 శాతం పైమాటే, సంచిలో 91 పాళ్ళకు 28, అంటే 31 శాతం కూడా లేదు. ఇక్కడితో ఆగకుండా ప్రోటీన్‌కు, పిండి పదార్థానికి గ్రాముకు 3.5 కేలరీల చొప్పున, కొవ్వుకు 8.5 కేలరీల చొప్పున లెక్కవేసి, రెండింటిలోనూ ప్రతి వేయి కేలరీలకు ప్రోటీన్ ఎంత పడుతున్నదో తేల్చండి. ఈ లెక్క చేస్తున్నంతసేపూ విసుగు రాకపోతే, పైగా ‘మరి బూడిద (ఆహారాన్ని కాల్చాక మిగిలే ఖనిజాల) శాతం లేబుల్ మీద రాయలేదే, పిండి పదార్థాన్ని ఎలా కట్టాలి’ అన్న ప్రశ్న మీకే తోచితే, మీరు ఈ రంగానికి తగినవారే.

మీ విషయాల కలయిక బాగానే ఉంది. మిగిలిన సంవత్సరాలలో జీవ రసాయన శాస్త్రాన్ని, గణాంక శాస్త్రాన్ని గట్టిగా చదవండి. ఆ తరువాత జంతు పోషణలోనో ఆహార శాస్త్రంలోనో స్నాతకోత్తర పట్టాకు వెళ్ళవచ్చు. గణాంక శాస్త్రాన్ని తప్పించుకుని పై చదువుకు వెళ్ళినవారు అక్కడ చిక్కుల్లో పడతారు. ఎనిమిది జంతువుల మీద చేసిన ప్రయోగం ఏం చెబుతున్నదో, ఏం చెప్పలేకపోతున్నదో తేల్చవలసినది ఆ శాస్త్రమే.

ప్రశ్న: ఆహార సాంకేతిక శాస్త్రంలో బీటెక్ పూర్తిచేశాను. బిస్కట్లు, అల్పాహారాల తయారీ మీద ప్రాజెక్టు చేశాను. మనుషుల ఆహారం నేర్చుకున్నవాడికి జంతువుల ఆహారం కష్టమా? కొత్తగా ఏం నేర్చుకోవాలి? (ఒక పట్టభద్రుడు)

జవాబు: యంత్రాల వరకు మీకు కొత్త తక్కువ. అల్పాహారాలను ఉబ్బించే ఎక్స్‌ట్రూడరే ఇక్కడా ప్రధాన యంత్రం. పొడి చేసిన ముడిసరుకును ముందుగా ఆవిరితో, నీటితో పదును చేసి, తిరిగే మరలున్న గొట్టంలోకి తోస్తారు. అక్కడ ఒత్తిడికి, వంద డిగ్రీలు దాటిన వేడికి పిండి పదార్థం ఉడికి జిగురెక్కుతుంది. అచ్చు రంధ్రం నుంచి బయటపడగానే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై గుళిక ఉబ్బుతుంది, కత్తి దాన్ని తెగ్గోస్తుంది. తరువాత ఆరబెట్టి తేమను సుమారు పది శాతం లోపుకు తెచ్చి, పైన కొవ్వును, రుచినిచ్చే ద్రవాన్ని పూస్తారు. కొవ్వునంతా పిండిలోనే ఎందుకు కలపరన్నది ఇంటర్వ్యూలలో అడగదగిన ప్రశ్న. కొవ్వు ఎక్కువైతే గొట్టంలో రాపిడి తగ్గిపోతుంది, పిండి సరిగా ఉడకదు, గుళిక ఉబ్బదు. అందుకే కొవ్వులో పెద్ద భాగాన్ని బయటి నుంచి పూస్తారు. ఆ సౌకర్యంతోపాటు ఒక ప్రమాదం కూడా వస్తుంది. సాల్మొనెల్లా అనే హానికర సూక్ష్మజీవి ఎక్స్‌ట్రూడర్ వేడికి చస్తుంది, కానీ ఆరబెట్టే చోట, చల్లార్చే చోట, కొవ్వు పూసే చోట అది మళ్ళీ అంటుకుంటే దాన్ని చంపే అంచె ఆ తరువాత ఇంకొకటి లేదు. డబ్బా ఆహారంలో కథ వేరు. మూత బిగించిన తరువాతే రిటార్ట్ అనే ఒత్తిడి పాత్రలో ఉడికిస్తారు, డబ్బా మధ్యభాగానికి 121 డిగ్రీల వద్ద మూడు నిమిషాలకు సమానమైన వేడి తప్పక అందాలన్న లెక్క మీకు తెలిసినదే.

మీకు లేనిది జంతు శరీర ధర్మ జ్ఞానం. ముఖ్యంగా పిల్లి విషయంలో మనిషి ఆహారం నేర్పిన అలవాట్లు పనికిరావు. పిల్లి బీటా కెరోటిన్ నుంచి విటమిన్ ఎ తయారుచేసుకోలేదు. దానికి సిద్ధమైన విటమిన్ ఎ కావాలి. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఆహారంలోనే అందాలి. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం లేని ఆహారం ఒక్క పూట తిన్నా రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

అమైనో ఆమ్లం వంటి టౌరీన్ అనే పోషకం ఉదంతం ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ చదవవలసినది. 1980ల వరకు గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుతో ఎన్నో పిల్లులు చనిపోతూ ఉండేవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన పరిశోధకులు ఆ పిల్లుల రక్తంలో టౌరీన్ తక్కువగా ఉన్నదనీ, టౌరీన్ ఇస్తే గుండె కోలుకుంటున్నదనీ 1987లో ప్రకటించారు. ఆ పిల్లులు తింటున్నవి అప్పటి ప్రమాణాల ప్రకారం టౌరీన్ సరిపడా ఉన్న ఆహారాలే కావడం ఇందులో గమనించవలసిన విషయం. డబ్బాలో ఉడికించిన ఆహారం పిల్లి పేగులలోని సూక్ష్మజీవుల చేత టౌరీన్‌ను ఎక్కువగా నాశనం చేయిస్తుందని తరువాత తేలింది. అందుకే నేటి ప్రమాణాలలో గుళికల కన్నా డబ్బా ఆహారానికి ఎక్కువ టౌరీన్ నిర్ణయించారు. ముడిసరుకులో ఎంత ఉందన్నది ఒక లెక్క, తయారీ తరువాత ఎంత మిగిలిందన్నది రెండో లెక్క, ఒంటికి ఎంత పట్టిందన్నది మూడో లెక్క. ఆహార సాంకేతిక శాస్త్రం మీకు రెండో లెక్క దాకా నేర్పింది. మూడో దాని కోసం జంతు పోషణలో కనీసం రెండు మూడు కోర్సులు చదవండి. వీలైతే స్నాతకోత్తర పట్టాయే ఆ విషయంలో తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతున్నది. పశువైద్యం చదివి తరువాత పెంపుడు జంతువుల ఆహార సంస్థలో చేరతానంటున్నది. అంత కష్టపడి డాక్టరు చదువు చదివి ఫ్యాక్టరీలో చేరడమెందుకని మా ఇంట్లో వాదన. పశువైద్య పట్టా తప్పనిసరా? (ఒక తండ్రి)

జవాబు: తప్పనిసరి కాదు. ఫార్ములాలు రాసేవారిలో చాలామంది పశువైద్యులు కారు. జంతు పోషణలో ఎమ్మెస్సీయో డాక్టరేటో చేసినవారు. జబ్బు పడిన జంతువుల కోసం చేసే ప్రత్యేక ఆహారాల విషయంలో మాత్రం పశువైద్య పట్టాకు సాటిలేని విలువ ఉంది. మూత్రపిండాల జబ్బు, మూత్రంలో రాళ్ళు, మధుమేహం, ఆహారం పడక వచ్చే చర్మపు జబ్బు వంటి వాటికి తగిన ఆహారాన్ని రూపొందించడానికి, దాన్ని పశువైద్యులకు వివరించడానికి, జంతువుల మీద వైద్య పరీక్షలు నడపడానికి వైద్యం తెలిసినవారే కావాలి. ఆ దారిలో పైకి వెళ్ళాలనుకునేవారు పశువైద్య పట్టా తరువాత పోషణ శాస్త్రంలో కొన్నేళ్ళ రెసిడెన్సీ శిక్షణ పొంది, అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న నిపుణుల మండలి పరీక్షలో నెగ్గుతారు. అలాంటి నిపుణుల సంఖ్య ప్రపంచంలో ఇప్పటికీ చాలా తక్కువ.

ఇక ‘డాక్టరు చదివి ఫ్యాక్టరీలోనా’ అన్న వాదన. ఈ పరిశ్రమ చరిత్ర తెలిస్తే ఆ మాట అనరు. మార్క్ మోరిస్ అనే అమెరికా పశువైద్యుడు 1930ల చివరలో, చూపులేని ఒకరికి దారి చూపే బడ్డీ అనే కుక్క మూత్రపిండాల జబ్బు పడితే దానికోసం ప్రత్యేకంగా ఆహారం తయారుచేశాడు. ఆ ఆహారాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడానికి 1948లో ఆయన కాన్సస్ రాష్ట్రంలోని హిల్ ప్యాకింగ్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. నేడు హిల్స్ పేరుతో నడుస్తున్నది ఆ సంస్థే. ఫ్రాన్స్‌లో రాయల్ కానిన్‌ను 1968లో స్థాపించినదీ ఒక పశువైద్యుడే. ఆసుపత్రిలో డాక్టరు ఒక్కొక్క జంతువునే చూస్తాడు. ఫార్ములాలో ఒక అంకె సరిగా పడితే ఆ మేలు వేల జంతువులకు అందుతుంది, తప్పు పడితే కీడు కూడా అన్నింటికి.

అయితే ఒక మాట. వైద్య పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన పోషణ శాస్త్రం వచ్చినట్టు కాదు. పశువైద్య కోర్సులో కుక్కలు, పిల్లుల పోషణకు దక్కే గంటలు కొద్దిగానే ఉంటాయి. మీ అమ్మాయి ఆ పట్టాతో ఆగిపోదలచుకుంటే వైద్యవృత్తే ఆమెకు సరైనది. ఆహార రంగమే కావాలంటే పై చదువుకు సిద్ధపడి వెళ్ళమనండి. ఐదున్నరేళ్ళ వైద్య కోర్సు అంటే ఇప్పుడే బెంగగా ఉంటే జంతు పోషణలో డిగ్రీ నేరుగా దగ్గరి దారి. అది తక్కువ దారి ఏమీ కాదు.

ప్రశ్న: నేను విశ్లేషణాత్మక రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. జంతువులను గురించి ఏమీ తెలియదు. నావంటివారికి ఈ రంగంలో చోటుంటుందా? (ప్రయోగశాల ఉద్యోగి)

జవాబు: ఈ రంగానికి మీ అవసరం ఉన్నంతగా ఇంకెవరి అవసరమూ లేదని చెప్పవచ్చు. 2007 సంవత్సరంలో ఉత్తర అమెరికాలో మూత్రపిండాలు చెడి ఎన్నో పిల్లులు, కుక్కలు చనిపోయాయి. మార్చి నెల నుంచి పెద్ద ఎత్తున ఆహారాన్ని అంగళ్ళ నుంచి వెనక్కి తీసుకున్నారు. కారణం చైనా నుంచి దిగుమతి అయిన గోధుమ గ్లూటెన్‌లో, బియ్యపు ప్రోటీన్‌లో కలిసిన మెలమైన్ అనే రసాయనం, దానితోపాటు ఉన్న సయన్యూరిక్ ఆమ్లం. ఆ రెండూ కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలుగా మారతాయి.

ఆ కల్తీ ఎందుకు పట్టుబడలేదో మీరు ఒక్క క్షణంలో గ్రహిస్తారు. ఆహారంలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. వంద పాళ్ళ పిండిలో ఒక్క పాలు మెలమైన్ కలిపితే పరీక్షలో ప్రోటీన్ నాలుగు పాళ్ళకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. పరీక్ష చేసినవారు తప్పు చేయలేదు, యంత్రం తప్పు చెప్పలేదు. తప్పు ప్రశ్న వేశారు, అంతే. ‘ఈ పరీక్ష నిజంగా ఏమి కొలుస్తున్నది’ అని అడిగే అలవాటున్న రసాయన శాస్త్రవేత్త ఈ పరిశ్రమకు అందుకే కావాలి.

ఈనాడు ఈ ప్రయోగశాలల పని చాలా విస్తరించింది. మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, కొవ్వు పాడై ముక్కవాసన రావడం, భార లోహాలు, నిల్వ కాలంలో విటమిన్ల క్షయం, ఇవన్నీ రోజువారీ పరీక్షలే. విటమిన్ల విషయంలో ఎక్కువ తక్కువలు రెండూ ప్రమాదమే. థయమిన్ (విటమిన్ బి1) వేడికి పోతుంది కనుక పోయేది లెక్కగట్టి ముందే అదనంగా కలుపుతారు. విటమిన్ డి కొవ్వులో కరిగేది, ఒంట్లో నిలిచిపోయేది; విటమిన్ల మిశ్రమంలో అది పొరపాటున ఎక్కువ పడడం వల్ల 2019లో ఒక పెద్ద సంస్థ తన డబ్బా ఆహారాన్ని వెనక్కి పిలవవలసి వచ్చింది. మీరు కొత్తగా పట్టా చదవనక్కరలేదు. పశు ఆహార విశ్లేషణ పద్ధతులు, ఆహార భద్రతా నిర్వహణ మీద చిన్న కోర్సులు చాలు. జంతువుల సంగతి ఉద్యోగంలో చేరాక దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: నేను మాంసం ముట్టను. జంతువుల మీద ప్రయోగాలు చేయడం కూడా నాకు ఇష్టముండదు. కానీ పోషణ శాస్త్రమంటే ఆసక్తి. ఈ రెండూ అడ్డం వస్తాయా? (బీఎస్సీ విద్యార్థి)

జవాబు: నిజాయితీగా చెప్పాలంటే కొంతవరకు వస్తాయి. ఈ పరిశ్రమలో ముడిసరుకులో పెద్ద భాగం మనుషులు తినే మాంసం తీసుకున్నాక మిగిలిన కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకలు, కొవ్వు వంటివాటి నుంచి వస్తుంది. వాటిని ఉడికించి, కొవ్వు వేరుచేసి, పొడిగా మార్చే కర్మాగారాలను కూడా ఈ రంగంలో ఉన్నవారు ఎప్పుడో ఒకప్పుడు చూడక తప్పదు. తయారీ, ముడిసరుకు కొనుగోలు విభాగాలు మీకు ఇబ్బందిగా ఉండవచ్చు. నిబంధనలు, డేటా విశ్లేషణ, ప్యాకింగ్, మొక్కల నుంచి, ఈస్టు నుంచి, కీటకాల నుంచి ప్రోటీన్ తయారుచేసే పరిశోధన మీకు నప్పుతాయి.

మొక్కల ప్రోటీన్ అన్నంత మాత్రాన అంతా సాఫీగా ఉంటుందనుకోకండి. ధాన్యం లేకుండా, బఠాణీలు, కాయధాన్యాలు ఎక్కువగా వేసిన ఆహారాలకూ కుక్కలలో గుండె కండరపు జబ్బుకూ సంబంధం ఉండవచ్చునని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 జూలైలో హెచ్చరించింది. కారణం ఇదేనని ఇంతవరకు రుజువు కాలేదు, వాదం పూర్తిగా సమసిపోనూ లేదు. ఇలా తేలని ప్రశ్నలున్న చోటే పరిశోధక విద్యార్థికి పని దొరుకుతుంది.

ప్రయోగాల విషయానికొస్తే, పోషణ పరీక్షలన్నీ మీరు ఊహించుకునే రకానివి కావు. ఎదిగిన జంతువులకు ఆఫ్‌కో నిర్దేశించిన పరీక్షలో కనీసం ఎనిమిది జంతువులకు 26 వారాల పాటు ఆ ఆహారమే పెట్టి, బరువు చూసి, కొద్దిపాటి రక్తం తీసి పరీక్షిస్తారు. జీర్ణశక్తి పరీక్షలో తిన్నదాన్నీ, విసర్జించినదాన్నీ తూచి విశ్లేషిస్తారు. ఇళ్ళలో పెరిగే కుక్కలతోనే, యజమానుల అనుమతితో చేసే అధ్యయనాలు కూడా ఉన్నాయి. ప్రయోగశాల పాత్రలలోనే జీర్ణక్రియను అనుకరించే పద్ధతులు కొన్ని పనులకు సరిపోతున్నాయి, అన్నింటికీ కాదు. జంతువులను అసలు తాకని పోషణ శాస్త్రం ఇంకా రాలేదు. దాన్ని దగ్గరకు తెచ్చే పనినే మీ పరిశోధనగా ఎంచుకుంటే మీ అభ్యంతరం వృథా పోదు.

ప్రశ్న: ఈ ఉద్యోగంలో చేరినవారు ఆ ఆహారాన్ని రుచి చూడాలట, నిజమేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: అలాంటి నియమం లేదు, చూసినా ఉపయోగం తక్కువ. తీపిని గుర్తించే గ్రాహకంలోని ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో కనుగొన్నారు. మన నాలుకకు కమ్మగా ఉన్నది దానికి ఏమీ కాకపోవచ్చు. పైరోఫాస్ఫేట్ లవణాలు పూసిన గుళికలను మాత్రం పిల్లులు ఇష్టంగా తింటాయి. కాబట్టి రుచి చూసేది జంతువే. రెండు గిన్నెల్లో రెండు రకాలు పక్కపక్కన పెట్టి, మొదట దేని దగ్గరకు వెళ్ళింది, దేన్ని ఎంత తిన్నది అని తూకం వేస్తారు. కొన్ని జంతువులకు ఎప్పుడూ ఒకే పక్క గిన్నెకు వెళ్ళే అలవాటుంటుంది కనుక మర్నాడు గిన్నెల చోట్లు మారుస్తారు. వాసన, గట్టితనం పోల్చడానికి శిక్షణ పొందిన మనుషులను వాడే ప్రయోగశాలలు ఉన్నాయి, వారు కూడా నోట్లో వేసుకున్నదాన్ని ఉమ్మివేయవచ్చు.

ప్రశ్న: పై చదువుకు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? ఎమ్మెస్ చాలా, డాక్టరేట్ కావాలా? (జంతు పోషణ విద్యార్థి)

జవాబు: డాక్టరేట్ పరిశోధన ఉద్యోగాలకు, పోషణ శాస్త్రవేత్తగా సంస్థకు బాధ్యత వహించే స్థానాలకు అవసరమవుతుంది. తయారీ, నాణ్యత, నిబంధనల విభాగాలకు ఎమ్మెస్ ధారాళంగా చాలు, కొన్నింటికి డిగ్రీయే చాలు. తేల్చుకోలేకపోతే రెండేళ్ళు పనిచేసి తరువాత డాక్టరేటుకు వెళ్ళండి. పరిశ్రమ ఏ ప్రశ్నలకు జవాబు లేక ఇబ్బంది పడుతున్నదో అప్పటికి మీకు తెలిసి ఉంటుంది.

కాన్సస్ స్టేట్ సంగతి మొదటి జవాబులో చెప్పాము. తయారీ యంత్రాల మీద పనిచేయాలనుకునేవారికి మా మొదటి సలహా అదే. కుక్కల, పిల్లుల పోషణ పరిశోధనకు అమెరికాలో ఇల్లినాయ్, డేవిస్, కెనడాలో గ్వెల్ఫ్, నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్, బెల్జియంలో ఘెంట్, న్యూజీలాండ్‌లో మాసే విశ్వవిద్యాలయాలకు మంచి పేరున్నది. బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్ర విశ్వవిద్యాలయపు జాబోటికాబల్ ప్రాంగణంలో పోషణ, ఎక్స్‌ట్రూజన్ రెండింటి మీదా పరిశోధన జరుగుతున్నది. దాన్ని మన విద్యార్థులు దాదాపు పట్టించుకోరు.

విశ్వవిద్యాలయం పేరు కన్నా గైడు పేరు ముఖ్యం. ఆ ఆచార్యుని పరిశోధన పత్రాలను గత ఐదేళ్ళవి తెచ్చుకుని చదవండి; అవి నిజంగా కుక్కల, పిల్లుల మీద ఉన్నాయా, లేక కోళ్ళ, పందుల మీద ఉన్నాయా చూడండి. పత్రం చివర డబ్బు ఎవరిచ్చారన్న ప్రకటన ఉంటుంది. ఈ రంగంలో సంస్థలు ఆచార్య పీఠాలకు నిధులివ్వడం మామూలే, దానివల్ల పరిశోధన చెడిపోయిందని కాదు. కానీ ఒకే సంస్థ డబ్బుతో నడిచే ప్రయోగశాలలో చేరితే ఫలితాలను ప్రచురించే హక్కు ఎవరిదో ముందే అడగాలి. విభాగంలో సొంత ఎక్స్‌ట్రూడర్ ఉందా, దాన్ని విద్యార్థులు స్వయంగా నడపనిస్తారా, వేసవి ఇంటర్న్‌షిప్ ఏర్పాటు చేస్తారా, గత మూడు బృందాల విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఈ ప్రశ్నలను సంకోచించకుండా ఈమెయిల్‌లో అడగండి. ఆఖరిదానికి జవాబు దాటవేసిన విభాగాన్ని వదిలేయండి.

ఆచార్యునికి రాసే మొదటి లేఖ ఒక పేజీ మించకూడదు. మీకు జంతువులంటే ఎంత ఇష్టమో అందులో రాయవద్దు. ఆయన పత్రాలలో ఒకదాన్ని చదివి, అందులో ఏ పట్టిక దగ్గర మీకు సందేహం కలిగిందో రాయండి.